‘పెళ్లికి అంతా ఇచ్చాం కదా, సంతకం పెట్టు’ అంటే ఆడపిల్ల ఏం చేయాలి?

ఈ ప్రశ్న పంపిన ఆవిడ పరిస్థితి క్లుప్తంగా ఇదీ. నాన్నగారు ఏడాది కిందట కాలం చేశారు, వీలునామా రాయలేదు. ఇంట్లో మిగిలింది అమ్మ, ఇద్దరు అన్నదమ్ములు, ఈమె. ఊళ్లో తాతల నాటి నాలుగు ఎకరాల పొలం, పట్నంలో నాన్నగారు జీతం డబ్బుతో కొన్న ఇల్లు ఉన్నాయి. ఈమె పెళ్లి 1998లో అయింది, కట్నం, బంగారం ఇచ్చారు. మొన్న పెద్దన్నయ్య ఫోను చేసి, ‘వచ్చే గురువారం రిజిస్ట్రేషన్ ఆఫీసుకు రా, ఆధార్ కార్డు తెచ్చుకో, చిన్న సంతకం ఉంది’ అన్నాడట. ‘నాకు హక్కు ఉందా? ఉంటే అడగడం తప్పా? అడిగితే మళ్లీ పుట్టింటి గడప తొక్కగలనా?’ అన్నవి ఆమె ప్రశ్నలు.

ఉందమ్మా. పొలంలోనూ, ఇంట్లోనూ, మీ అన్నదమ్ములతో సమానంగా ఉంది. అడగడం తప్పు కాదు. కాగితం ముందుగా చదవకుండా గురువారం సంతకం పెట్టకండి. మూడో ప్రశ్నకు చట్టం జవాబు చెప్పదు. దానికి నాకు తోచింది కింద రాస్తాను.

ఇరవై ఏడేళ్లుగా జిల్లా కోర్టులో సివిల్ వకీలుగా ఉన్నాను. అంతకుముందు మూడేళ్లు ఒక దస్తావేజు లేఖరి దగ్గర కూర్చుని కాగితాలు రాశాను. ఈ రెండు పనుల్లో నాకు తెలిసి వచ్చింది ఒకటే. చట్టం లేక వాటా పోగొట్టుకున్న ఆడపిల్లలు నా దగ్గరికి తక్కువ మంది వచ్చారు. సంతకం పెట్టి పోగొట్టుకుని వచ్చినవాళ్లే ఎక్కువ.

ఒక్కటి ఆలోచించండి. మీకు హక్కే లేకపోతే మీ అన్నయ్యకు మీ సంతకంతో పని ఏమిటి? పక్కింటివాళ్ల దగ్గర ఎవరూ హక్కు విడుదల రాయించుకోరు కదా. మా లేఖరి గారు రోజూ అనే మాట, ‘ఆడపిల్లల సంతకాలు కూడా పెట్టించండి, లేకపోతే రేపు కొనేవాడు పేచీ పెడతాడు’ అని. అంటే బల్లకు అటువైపు కూర్చున్నవాళ్లకు మీ హక్కు సంగతి బాగా తెలుసు. తెలియనిది మీకే.

ఆ కాగితంలో ఏముంటుందో చెబుతాను, ఎందుకంటే అలాంటివి నా చేత్తో లెక్కలేనన్ని రాశాను. ‘నా వివాహ సమయమున పసుపు కుంకుమల నిమిత్తము నాకు రావలసినదంతయు ముట్టియున్నందున, ఈ దిగువ షెడ్యూలు ఆస్తియందు నాకు గాని నా వారసులకు గాని ఇకమీదట ఎట్టి హక్కును లేదని, ఎవరి బలవంతమును లేకుండ నా ఇష్టపూర్వకముగ వ్రాసి ఇచ్చిన హక్కు విడుదల దస్తావేజు.’ పేర్లు, సర్వే నంబర్లు, సరిహద్దులు మారుతాయి, మిగతా అంతా అచ్చు గుద్దినట్టు అదే. ‘ఎవరి బలవంతమును లేకుండ’ అని రాస్తున్నప్పుడు ఎదురుగా కూర్చున్న ఆడపిల్ల మొహం వైపు నేను తలెత్తి చూసిన గుర్తు లేదు. రిజిస్ట్రారు ముందు ‘తెలిసే పెడుతున్నారా అమ్మా?’ అన్న ప్రశ్న, ‘అవునండి’ అన్న జవాబు, వేలిముద్ర, ఫోటో. అంతా కలిపి ఐదు నిమిషాలు పట్టదు.

ఇక చట్టం సంగతి. 1956 హిందూ వారసత్వ చట్టం తండ్రి స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. అంటే మీ నాన్నగారు కొన్న ఇంటి విషయంలో మీ హక్కు దాదాపు డెబ్బై ఏళ్ల నాటిది, కొత్తగా ఎవరూ ఇవ్వలేదు. అప్పట్లో పేచీ అంతా పిత్రార్జితం దగ్గరే. ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు మగపిల్లలకే ఉండేది. దీన్ని మొదట సరిదిద్దిన రాష్ట్రాల్లో మనది ఒకటి. ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు వచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తేదీకి పెళ్లి కాని కూతుళ్లందరికీ కొడుకులతో సమానంగా పుట్టుకతోనే హక్కు వచ్చింది. మీ పెళ్లి 1998లో. కాబట్టి మీరు పెళ్లిపీటల మీద కూర్చునే నాటికే ఆ పొలంలో వాటాదారు. మీ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తి ఉండరు.

ఆ తర్వాత కేంద్రం చేసిన సవరణ 2005 సెప్టెంబరు 9న దేశమంతటా అమల్లోకి వచ్చింది. ఇందులో పెళ్లయిందా, ఎప్పుడు అయింది అన్న తేడా లేదు. 1985కు ముందు పెళ్లయిన అక్కలకు కూడా అప్పుడు హక్కు వచ్చింది. ‘తండ్రి 2005 నాటికి బతికి ఉండాలా’ అన్న విషయంలో మాత్రం కోర్టులు చాలా కాలం తలా ఒక మాట చెప్పాయి. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దానికి తెర దించింది. హక్కు పుట్టుకతో వచ్చేది, తండ్రి ఆనాటికి బతికి ఉండాల్సిన పని లేదు అని చెప్పింది. మీ నాన్నగారు పోయింది నిరుడే కనుక ఈ చర్చ మీకు అవసరమే లేదు. మీలాంటి ప్రశ్నతో ఇది చదివే మరొకరికి పనికొస్తుందని రాశాను.

ఎంత వస్తుంది? అందరూ ‘సమానం’ అంటారు గానీ లెక్క వేసి చూపరు. పొలం నిజంగా పిత్రార్జితమే అనుకుందాం. ముందు మీ నాన్నగారు, ముగ్గురు పిల్లలు కలిసి నలుగురు వాటాదారులు, నాలుగు ఎకరాలకు తలా ఎకరం. నాన్నగారి భాగానికి వచ్చిన ఎకరం ఆయన వారసులైన అమ్మకు, ముగ్గురు పిల్లలకు తలా పాతిక సెంట్లు. అంటే మీకు, మీ అన్నదమ్ములకు ఒక్కొక్కరికి ఎకరం పాతిక సెంట్లు. మీ అమ్మగారికి పాతిక సెంట్లు మాత్రమే. మన దక్షిణాది పద్ధతిలో మొదటి పంపకంలో భార్యకు విడిగా వాటా లేకపోవడం వల్ల ఇలా అవుతుంది. నలభై ఏళ్లు ఆ పొలం గట్ల మీద తిరిగిన మనిషికి దక్కేది అందరికంటే తక్కువ. ఆడపిల్ల హక్కు గురించి ఇంత మాట్లాడుకుంటాం గానీ, ఈ పాతిక సెంట్ల సంగతి ఎవరూ ఎత్తరు. ఇల్లు స్వార్జితం కనుక అందులో అమ్మతో కలిపి నలుగురికీ తలా నాలుగో వంతు.

ఇక్కడ ఒక మెలిక. ‘తాతల నాటిది’ అన్నదల్లా చట్టం దృష్టిలో పిత్రార్జితం కాదు. మీ తాతగారికి అది సొంతంగా సంపాదించిన పొలమై, 1956 తర్వాత ఆయన పోతే మీ నాన్నగారికి వారసుడిగా వచ్చి ఉంటే, అది నాన్నగారి సొంత ఆస్తి కిందే లెక్క. సుప్రీంకోర్టు 1986లోనే ఈ మాట చెప్పింది. వకీళ్లు కూడా కొందరు దీన్ని మరిచిపోయి దావాలు వేస్తుంటారు. అప్పుడు నాలుగు ఎకరాలూ నలుగురికి తలా ఎకరం. చూడండి, మీకు తేడా పాతిక సెంట్లే, మీ అమ్మగారికి మాత్రం నాలుగు రెట్లు. వీలునామా లేదు కనుక మీ విషయంలో ఈ తగాదా అంత పెద్దది కాదు. వీలునామా ఉంటే కథ వేరు. సొంత ఆస్తిని తండ్రి మొత్తం ఒకే కొడుక్కి రాసినా చెల్లుతుంది. ఉమ్మడి ఆస్తిలో మాత్రం తన భాగం వరకే రాయగలడు, మీ భాగం ఆయన చేతిలో లేదు. ఏడాది తర్వాత ఉన్నట్టుండి ఒక వీలునామా బయటపడే ఇళ్లను నేను చాలా చూశాను. అలా జరిగితే కంగారు పడకండి. దానికి ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి, కోర్టుకు వస్తే వాళ్లలో కనీసం ఒకరు వచ్చి నిరూపించాలి. చూపించినంత మాత్రాన చెల్లిపోదు.

మీ అన్నయ్యలు చెప్పబోయే మాటలు నాకు దాదాపు కంఠస్థం. ఒక్కొక్కటే చూద్దాం.

‘నీ వాటా కట్నంగా ఇచ్చేశాం.’ కట్నం ఇవ్వడం, తీసుకోవడం 1961 చట్టం ప్రకారం నేరం. ఒక నేరాన్ని వాటా కింద జమ వేసుకునే వీలు ఏ చట్టంలోనూ లేదు. అయినా ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్లింది? మీ చేతికి రాలేదు, మీ మామగారి చేతికి వెళ్లింది. మీ అన్నయ్య పెళ్లికి పెట్టిన ఖర్చును ఆయన వాటాలోంచి ఎవరైనా తీశారా అని కూడా అడగవచ్చు, కానీ గొంతు పెంచకుండా. ఒక న్యాయం మాత్రం మీరూ ఒప్పుకోవాలి. పసుపు కుంకుమ కింద మీ పేర పొలమో స్థలమో నిజంగా రిజిస్టరు చేసి ఇచ్చి ఉంటే, అది ఇప్పటికీ మీ దగ్గర ఉంటే, రాజీ మాటల్లో దాన్ని లెక్కలోకి తేవడమే మర్యాద. దాన్ని దాచిపెట్టి సమాన వాటా అడిగిన ఒకావిడ కేసు నేను పట్టలేదు.

‘అమ్మానాన్నలను మేమే చూసుకున్నాం.’ ఇది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. చట్టం సేవను తూచి వాటా వేయదు, నిజమే. కానీ అదే చట్టం తల్లిదండ్రుల పోషణ బాధ్యతను కూతురి మీద కూడా పెట్టింది. 2007 నాటి వృద్ధుల పోషణ చట్టంలో పిల్లలు అంటే కొడుకులూ కూతుళ్లూ. పెళ్లయిన కూతురూ తల్లిదండ్రులను పోషించాలని సుప్రీంకోర్టు 1987లోనే చెప్పింది. ఉమ్మడి ఆస్తిలో వాటాతో పాటు దాని మీది బాధ్యతలూ వస్తాయి. నాన్నగారి వైద్యానికి అన్నయ్యలు అప్పు చేసి ఉంటే ఆ లెక్క తెమ్మని మీరే అడగండి. అమ్మ మందులకు నెలకు ఇంత నేనూ పంపుతానని మీరే ముందు అనండి. నా అనుభవంలో ఈ ఒక్క మాటతో సగం వేడి దిగిపోతుంది. వాటా సమానంగా కావాలి, అమ్మ మాత్రం అన్నయ్య ఇంట్లోనే ఉండాలి అనుకునే కూతుళ్లు కూడా నా దగ్గరికి వస్తారు. వాళ్లతో నేను కొంచెం కటువుగానే మాట్లాడతాను.

‘పొలం పరాయి ఇంటికి పోతుంది.’ దీనికి చట్టంలోనే ఒక జవాబుంది. మీ చేతికి వచ్చిన ఆస్తి పూర్తిగా మీది, మీ భర్తది కాదు, అత్తవారిది కాదు. మీకు పిల్లలు ఉంటే, మీరు వీలునామా రాయకపోతే, మీ తర్వాత అది వాళ్లకూ మీ భర్తకూ వెళుతుంది. పిల్లలు లేకుండా, వీలునామా రాయకుండా ఒక స్త్రీ పోతే తల్లిదండ్రుల నుంచి వచ్చిన ఆస్తి తిరిగి ఆమె తండ్రి వారసులకే, అంటే పుట్టింటికే వెళుతుంది. ఈ సంగతి చెబితే నోరెళ్లబెట్టిన అన్నదమ్ములు ఉన్నారు.

ఈ సందర్భంలో మీకూ ఒక మాట. వాటా అడగమని మిమ్మల్ని తొందరపెడుతున్నది ఎవరు? నా గదికి భార్యాభర్తలు కలిసి వస్తే, భర్త గడగడా మాట్లాడుతూ ఉంటే, ఆయనను బయట టీ తాగి రమ్మని పంపి ఆమెను ఒంటరిగా అడుగుతాను. ఒకసారి తలుపు మూశాక ఆమె అన్న మొదటి మాట, ‘నాకు పొలం వద్దండి, ఆయన వ్యాపారంలో అప్పు ఉంది’ అని. మీకు వచ్చేది మీ పేర రిజిస్టరు కావాలి, డబ్బయితే మీ ఒక్కరి ఖాతాలో పడాలి. తర్వాత ఎవరికి ఏం ఇస్తారో మీ ఇష్టం.

సంతకాల దగ్గర జరిగే తప్పుల్లో ఒకదాన్ని దగ్గర నుంచి చూపిస్తాను. ఒకామెను పాసుపుస్తకం అమ్మ పేరుకు మార్చడానికి అని తీసుకెళ్లారు. ఆమె చదువుకున్న మనిషే, బడిలో పాఠాలు చెబుతుంది. మొదటి పేజీ చదివింది, పొలం గురించే ఉంది, సరే అనుకుంది. ఆస్తుల వివరం ఉండే షెడ్యూలు చివరి పేజీలో ఉంటుంది. అందులో పొలం కింద రెండో అంశంగా బస్టాండు దగ్గరి ఇంటి స్థలం కూడా ఉంది, సర్వే నంబరు, గజాలు, నాలుగు సరిహద్దులతో సహా. పదకొండు నెలల తర్వాత అక్కడ పునాదులు తీస్తుంటే ఆమెకు తెలిసింది. మోసంతో రాయించుకున్న దస్తావేజును రద్దు చేయమని అడగడానికి, సంగతి తెలిసిన నాటి నుంచి మూడేళ్ల గడువు ఉంటుంది. గడువు ఉంది గానీ మోసాన్ని నిరూపించడం కష్టం. చదువుకున్న మనిషివి కదా, చదవలేదా అని అవతలి వకీలు అడిగితే చెప్పడానికి ఏముంటుంది? చివరికి స్థలం విలువలో కొంత డబ్బు తీసుకుని రాజీ పడ్డాం. అందుకే అంటాను, షెడ్యూలు ముందు చదవండి, మిగతాది తర్వాత.

మరి ఇప్పుడు మీరు చేయవలసింది ఏమిటంటే, గురువారం లోపు అన్నయ్యకు ఫోను చేసి కాగితం నకలు పంపమనండి. ‘నమ్మకం లేదా?’ అంటాడు. ‘నమ్మకం ఉంది, చదువుకుని వస్తాను’ అనండి. ఈలోగా పొలానికి, ఇంటికి ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి, ఎవరి నుంచి ఎవరికి ఎప్పుడు మారిందో అందులో తెలుస్తుంది. ఆంధ్రలో అయితే 1బి, అడంగల్ అనే రెవెన్యూ రికార్డులు, తెలంగాణలో అయితే భూ భారతి పోర్టల్‌లోని వివరాలు చూసుకోండి. నాన్నగారి మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఆఫీసు నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకోండి, అందులో మీ పేరు ఉందో లేదో తప్పకుండా చూడండి. కూతుళ్ల పేర్లు వదిలేసి దరఖాస్తు పెట్టడం నేను చాలాసార్లు చూశాను. పాసుపుస్తకం ఇప్పటికే అన్నయ్య పేరుకు మారిపోయినా భయపడకండి. అది శిస్తు, సాగు వివరాల కోసం ఉన్న నమోదు. అంతమాత్రాన మీ హక్కు పోదు.

తర్వాత మాట్లాడండి. నోటీసు తర్వాత. పుట్టిల్లు తెగిపోయిన చాలా కేసుల్లో నేను గమనించింది, మనుషులు మాట్లాడుకోకముందే రిజిస్టర్డ్ పోస్టులో వకీలు నోటీసు వెళ్లడం. ఆ కవరు అందుకున్న వదిన దాన్ని ఊరందరి చేతా చదివిస్తుంది, ఇక వెనక్కి రావడం కష్టం. పెద్దమనుషుల్లో కూడా మేనమామ లాంటివాళ్లు, అంటే అమ్మ తరఫువాళ్లు ఉంటే మేలు. పొలం గట్టు మీద కాకుండా ఇంట్లో, అమ్మ ముందు కూర్చోండి.

‘వాటా కావాలి’ అంటే గట్టు వేసి భూమి కోసుకోవడం ఒక్కటే కాదు. మూడు విడతల మాటల్లో పంపకం తేల్చుకున్న ఒక కుటుంబం గుర్తొస్తుంది. చెల్లెలు ఇంటి వాటాకు డబ్బు తీసుకుంది, పొలం వాటా మాత్రం తన పేర ఉంచుకుని చిన్నన్నకే కౌలుకు ఇచ్చింది. ఏటా కౌలు ఇవ్వడానికి అన్న చెల్లెలింటికి వస్తాడు. వాళ్ల మాటలు ఆగిపోలేదు సరే, కౌలు పేరుతో ఇంకా పెరిగాయి. ఇలాంటి పరిష్కారం ఏదైనా రాతలో ఉండాలి, రిజిస్టరు కావాలి. నోటిమాట పంపకాలకు కోర్టులో బలం తక్కువ. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరు దస్తావేజుతో గానీ కోర్టు డిక్రీతో గానీ అయిపోయిన పంపకాలను మాత్రం 2005 చట్టం కదిలించదు, అది గుర్తుంచుకోండి.

వాటా వదులుకోవాలనుకుంటే? అదీ మీ హక్కే. ఒక పెద్దావిడ అన్నీ విని, తమ్ముడికి కాళ్లు పనిచేయవు, నా భాగం వాడికే ఇస్తాను అంది. ముసాయిదా చదివి వినిపించాను. ‘నాకు రావలసినదంతయు ముట్టియున్నందున’ అన్న చోట ఆపింది. ‘నాకేం ముట్టలేదు కదయ్యా, ఎందుకు ముట్టిందని రాస్తారు?’ అంది. ఆ వాక్యం కొట్టేసి, ఆమె భాగం ఎంతో సెంట్లతో సహా రాసి, దాన్ని తమ్ముడి మీది అభిమానంతో ఇస్తున్నట్టు రాయించింది. నేను ముప్పై ఏళ్లలో రాసిన కాగితాల్లో నిజం ఉన్న కాగితం అదేనేమో.

కోర్టు మాట చివరికి ఉంచాను, కావాలనే. మాటలతో తేలకపోతే పంపకాల దావా వేయాలి. మీరు ఇంకా ఉమ్మడి స్వాధీనంలోనే ఉన్నారని చెప్పగలిగితే కోర్టు ఫీజు స్వల్పం. మిమ్మల్ని పూర్తిగా బయటికి నెట్టేశారంటే మీ వాటా విలువను బట్టి కట్టాలి. వకీలుకు డబ్బు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. 1987 చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు, అక్కడే లోక్ అదాలత్‌లో రాజీకి కూడా ప్రయత్నిస్తారు. దావా నడుస్తుండగా అన్నయ్యలు పొలం అమ్మినా కొన్నవాడు తీర్పుకు కట్టుబడాల్సిందే. అమ్మకుండా ఉత్తర్వు కూడా అడగవచ్చు. మొదట ఎవరికి ఎంతో చెప్పే ప్రిలిమినరీ డిక్రీ, ఆ తర్వాత కమిషనర్ వెళ్లి కొలిచి గట్లు చూపే ఫైనల్ డిక్రీ. ఈ రెండో ఘట్టమే ఏళ్లు తింటుంది. దానివల్ల ఒక మేలూ జరిగింది. ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన గండూరి కోటేశ్వరమ్మ కేసులో, ఫైనల్ డిక్రీ కాలేదు కనుక పంపకం ఇంకా పూర్తి కానట్టే, ఈలోగా వచ్చిన 2005 చట్టం కూతుళ్లకు వర్తిస్తుందని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. నా చేతిలో ఒక దావా పద్నాలుగేళ్లు నడిచింది. వేసినప్పుడు ఆమె తలలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు. గెలిచాం. డిక్రీ నకలు తీసుకోవడానికి మనవడు వచ్చాడు.

అలాగని ఊరుకోమని కాదు. ‘ఎప్పుడైనా అడగవచ్చులే’ అనుకోవద్దు. మీకు వాటా లేదని వాళ్లు తేల్చి చెప్పిన సంగతి మీకు తెలిసిన నాటి నుంచి పన్నెండేళ్ల లోపు దావా వేయాలి. అందుకే ఫోనులో ‘నీకేం లేదు, చేసుకో’ అన్న తేదీ కూడా ఒకచోట రాసి పెట్టుకోండి.

ఇదంతా హిందూ వారసత్వ చట్టం కిందికి వచ్చేవాళ్లకు, అంటే హిందువులతో పాటు బౌద్ధులు, జైనులు, సిక్కులకు. క్రైస్తవులకు 1925 నాటి వారసత్వ చట్టం, అందులో వీలునామా లేకపోతే కొడుకూ కూతురూ సమానం. ముస్లిం చట్టంలో కూతురిది కొడుకు భాగంలో సగం. షెడ్యూల్డ్ తెగలకు ఈ హిందూ చట్టం నేరుగా వర్తించదు, ఆచారం చూడాలి.

ఇక మీ మూడో ప్రశ్న, పుట్టిల్లు. అబద్ధం చెప్పలేను, కొన్ని ఇళ్లలో తెగిపోయింది. వాటా అడగకుండా సంతకం పెట్టినా తెగిపోయిన ఇళ్లూ చూశాను, పొలం అమ్మాక పిలుపులు ఆగిపోయాయి. నా ఇంటి సంగతే చెబుతాను. మా నాన్న పోయాక 1994లో మా అక్క చేత హక్కు విడుదల రాయించింది నేనే. రాయించడమే కాదు, దస్తావేజు నా చేతిరాతలోనే ఉంది. అక్క పెళ్లి 1989లో అయింది, అంటే 1985 చట్టం ప్రకారం ఆమెకూ సగం హక్కు ఉంది. అది నాకు తెలుసు, ఆమెకు తెలియదు. నేను చెప్పలేదు. 2009లో ఆ భూమి అమ్మినప్పుడు సగం డబ్బు తీసుకెళ్లి అక్క చేతిలో పెట్టాను. ఆమె లెక్కపెట్టలేదు. ‘అప్పుడే ఒక్క మాట చెప్పి ఉంటే నేనే ఇచ్చేదాన్ని కదరా’ అంది. ఆ డబ్బు తీసుకుంది, ఆ పండక్కి మాత్రం రాలేదు. తర్వాతి పండక్కి వచ్చింది.

మీ అన్నయ్యలకు ఈ జవాబు చూపించినా నాకు అభ్యంతరం లేదు. మీకు ఇంకా సాయం కావాలంటే రెండు సంగతులు రాయండి. ఆ నాలుగు ఎకరాలు మీ తాతగారికి ఎలా వచ్చాయి, ఆయన ఏ సంవత్సరంలో పోయారు? నాన్నగారి అన్నదమ్ములతో పంపకాల కాగితం ఏదైనా ఉందా? వీటిని బట్టి పైన చెప్పిన లెక్క మారుతుంది. దస్తావేజులు చూడకుండా ఎవరు చెప్పినా అది అంచనాయే, కనుక కాగితాలు చేతికి రాగానే మీ ఊళ్లో ఒక సివిల్ వకీలుకు చూపించండి.

మరొకటి. మీరు ఇంత వివరంగా రాశారు గానీ, అమ్మగారు ఏమంటున్నారో ఎక్కడా రాయలేదు. గురువారం కాగితంలో ఆవిడ సంతకం కూడా అడుగుతున్నారేమో కనుక్కోండి.